పేరు ముందు డాక్టర్ సరే, నెలకి కిస్తీ ఎంత?

ప్రశ్న: మేము ఇరవై మూడేళ్ళుగా డాలస్ పక్కనే ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. ఈ మేలో కైనీసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) డిగ్రీ పూర్తవుతుంది. హైస్కూల్లో మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఫిజికల్ థెరపిస్టు కావాలని దాని పట్టుదల. ఆరు కాలేజీలకు అప్లై చేస్తే వేరే రాష్ట్రంలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో డీపీటీ (డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ) సీటు వచ్చింది. ఆగస్టులో చేరాలి. మూడేళ్ళకు ట్యూషనే లక్షా 35 వేల డాలర్లు. ఇక్కడి ఒక స్టేట్ యూనివర్సిటీలో వెయిట్‌లిస్టులో ఉంది. మిగతా స్టేట్ కాలేజీల సంగతి మాకు తెలిసేసరికి గడువు దాటిపోయింది. దాని చదువు కోసం దాచింది 30 వేలు. ఊళ్ళో స్థలం అమ్మేద్దాం, లేకపోతే ఇంటి మీద లోను తీద్దాం అంటున్నారు మావారు. సీటు నిలబెట్టుకోవాలంటే రెండు వారాల్లో వెయ్యి డాలర్లు డిపాజిట్ కట్టాలి. "మా అమ్మాయి డాక్టర్ కోర్సులో చేరుతోంది" అని చుట్టాలందరికీ అప్పుడే చెప్పేశారు కూడా. నాకు మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తక్కువ ఖర్చులో అయ్యే ప్రోగ్రాములు ఉన్నాయా? ఎలా వెతకాలి? ఇంకో మాట. మా ఆడపడుచు కొడుక్కి విజయవాడలో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) అయిపోవచ్చింది. వాడూ ఇక్కడికొచ్చి డీపీటీ చేస్తానంటున్నాడు. ఏం చెప్పమంటారు?
ఒక తల్లి, టెక్సస్

సమాధానం: నిద్ర పట్టకపోవడంలో మీ తప్పేం లేదండీ. మీ ఇంట్లో లెక్క సరిగ్గా వేస్తున్నది మీరొక్కరే అనిపిస్తోంది.

నేను ఈ వృత్తిలోనే ఉన్నాను. ఇక్కడ ఆసుపత్రిలో పనిచేస్తూ, ఏటా మా దగ్గరికి క్లినికల్స్‌కి, అంటే పని నేర్చుకునే శిక్షణకి, వచ్చే పిల్లల్ని చూస్తుంటాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్ళు మాట్లాడుకునేది కీళ్ళ గురించీ కండరాల గురించీ కాదు, అప్పు గురించి. ఒకే పరీక్ష రాసి, ఒకే లైసెన్సు తీసుకుని, ఒకే జీతానికి చేరిన ఇద్దరిలో ఒకరికి 50 వేల అప్పుంటే ఇంకొకరికి రెండు లక్షలుంటుంది. పేషెంటు మాత్రం మీరు ఏ కాలేజీలో చదివారని ఇద్దరిలో ఎవర్నీ అడగడు.

ముందు ఈ డాక్టర్ మాట తేల్చేద్దాం. అమెరికాలో ఫిజికల్ థెరపిస్టు కావాలంటే ఇప్పుడున్న దారి డీపీటీ ఒక్కటే, పాత మాస్టర్స్ కోర్సులు పోయాయి. పేరు డాక్టరేటే. జీతం మాత్రం మీ చుట్టాలు ఊహించుకుంటున్న డాక్టరు జీతం కాదు. 2024లో దేశం మొత్తం మీద ఫిజికల్ థెరపిస్టుల మధ్యస్థ వేతనం 1,01,020 డాలర్లని కార్మిక గణాంక శాఖ లెక్క. అందులో ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళూ ఉన్నారు. కొత్తగా చేరేవాళ్ళకు 80 వేల దరిదాపుల్లో అనుకుని లెక్క వేసుకోవడం మంచిది. గౌరవమైన ఉద్యోగం, చేతినిండా పని, మనిషి మళ్ళీ నడిస్తే కలిగే తృప్తి ఇంకెక్కడా దొరకదు. కాకపోతే రెండు లక్షల అప్పును సుఖంగా మోసే జీతం కాదు. ఇక్కడ మేం పాటించే మోటు లెక్క ఒకటుంది: చదువు ముగిసేనాటికి ఉన్న మొత్తం అప్పు మొదటి ఏడాది జీతాన్ని దాటకూడదు. అందులో సగానికి ఆగితే ఇంకా హాయి.

ఇప్పుడు మీ లెక్క. ట్యూషన్ లక్షా 35 వేలు. వేరే రాష్ట్రంలో అద్దె, తిండి, కారు, ఇన్సూరెన్సు కలిపి ఏడాదికి 20 వేలనుకున్నా మూడేళ్ళకు 60 వేలు. మొత్తం లక్షా 95 వేలు. మీ 30 వేలు తీసేస్తే లక్షా 65 వేలు అప్పు చేయాలి.

ఈ అప్పు ఎవరిస్తారన్నది నిన్నమొన్నటి వరకూ పెద్ద ప్రశ్న కాదు. గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోను ఉండేది, కాలేజీ చెప్పిన ఖర్చు ఎంతైతే అంతా ఇచ్చేవారు. 2025 జూలై 4న సంతకమైన చట్టంతో అది పోయింది. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకు ఆ లోను లేదు. గ్రాడ్యుయేట్ విద్యార్థులకు ఫెడరల్ లోను ఏడాదికి 20,500, మొత్తం మీద లక్ష డాలర్లు, అంతే. ప్రొఫెషనల్ డిగ్రీల వాళ్ళకైతే ఏడాదికి 50 వేలు, మొత్తం రెండు లక్షలు. డీపీటీ ఈ రెండో గుంపులోకే వస్తుందని మావాళ్ళందరూ అనుకున్నారు. 2025 నవంబరులో విద్యాశాఖ కమిటీలో ఒప్పుకున్న నిర్వచనంలో వైద్యం, దంతవైద్యం, ఫార్మసీ, లా, చివరికి కైరోప్రాక్టిక్ (చేత్తో వెన్నెముక సరిచేసే వైద్యం) కూడా ఉంది, ఫిజికల్ థెరపీ లేదు. మా క్లినిక్‌లో ఆ రోజు ఎవరూ పనిచేయలేదనుకోండి. మా వృత్తి సంఘం ఏపీటీఏ దీని మీద గట్టిగానే వాదిస్తోంది. రేపు మారితే సంతోషం. మీరు మాత్రం 20,500 అనుకునే లెక్క వేసుకోండి.

అంటే మీ పాపకు మూడేళ్ళలో ఫెడరల్‌గా వచ్చేది 61,500. ఇంకా లక్ష పైచిలుకు మిగిలింది. అది ప్రైవేటు బ్యాంకులోనో, మీ ఇంటి మీదో, ఊళ్ళో స్థలంలోనో రావాలి. ఉద్యోగం లేని ఇరవై రెండేళ్ళ పిల్లకు లక్ష డాలర్లు ఏ బ్యాంకూ ఊరికే ఇవ్వదు, మిమ్మల్ని కోసైన్ చేయమంటుంది. కోసైన్ అంటే సాక్షి సంతకం కాదు. పాప కట్టకపోతే మీరు కట్టాలి. ఫెడరల్ లోనుకుండే ఆదాయాన్ని బట్టి కట్టే పద్ధతి, పదేళ్ళ మాఫీ లాంటివి ప్రైవేటు లోనుకు వర్తించవు.

వడ్డీ సంగతి కూడా చూడండి. 2025-26లో గ్రాడ్యుయేట్ ఫెడరల్ లోను వడ్డీ 7.94 శాతం, అదీ చదువుకునే రోజుల నుంచే పెరుగుతుంది. ప్రైవేటు లోనుకూ అదే రేటు దొరికిందనుకున్నా, పట్టా చేతికొచ్చేసరికి లక్షా 65 వేలు దాదాపు లక్షా 88 వేలవుతుంది. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 2,280 డాలర్లు. 82 వేల జీతమైతే టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేకపోయినా చేతికొచ్చేది నెలకు 5,500 లోపే. అందులో ఐదింట రెండు వంతులు పదేళ్ళపాటు కిస్తీకే పోతాయి. ఈ లోపల పెళ్ళి, ఇల్లు, పిల్లలు. ఒకవేళ ఈ పని వద్దనుకుంటే? అప్పు ఉన్నంతకాలం వద్దనుకునే వీలు కూడా ఉండదు.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న. తక్కువ ఖర్చు ప్రోగ్రాములు ఉన్నాయి, మీ ఇంటి దగ్గరే ఉన్నాయి. టెక్సస్ వాళ్ళకు ఈ విషయంలో అదృష్టం ఎక్కువ. డాలస్‌లో యూటీ సౌత్‌వెస్టర్న్ ఉంది. టెక్సస్ విమెన్స్ యూనివర్సిటీ డీపీటీని డాలస్‌లోనూ హ్యూస్టన్‌లోనూ నడుపుతోంది (పేరు చూసి మగపిల్లలు కంగారు పడక్కర్లేదు, వాళ్ళనూ తీసుకుంటారు). ఫోర్ట్‌వర్త్‌లో యూఎన్‌టీ హెల్త్ సైన్స్ సెంటర్, రౌండ్ రాక్‌లో టెక్సస్ స్టేట్, లబక్‌లో టెక్సస్ టెక్ హెల్త్ సైన్సెస్, గాల్వెస్టన్‌లో యూటీఎంబీ, శాన్ ఆంటోనియోలో యూటీ హెల్త్, ఇంకా ఎల్ పాసో, శాన్ ఏంజెలో. అన్నీ ప్రభుత్వ యూనివర్సిటీలే. మీ అమ్మాయి టెక్సస్ పిల్ల కాబట్టి అన్నిట్లోనూ ఇన్‌స్టేట్ ఫీజే, అంటే ఈ రాష్ట్రం వాళ్ళకుండే తక్కువ ఫీజు. వీటిలో మూడు మీ ఇంటి నుంచి కారులో పోయిరాగలిగిన దూరంలో ఉన్నాయి. ఇంట్లో ఉండి చదవడం ఎంత పెద్ద స్కాలర్‌షిప్పో చాలామందికి తట్టదు. మూడేళ్ళ అద్దె అన్నది ఏ కాలేజీ బ్రోషర్లోనూ పెద్ద అక్షరాల్లో కనపడదు.

ఫీజు 55 వేలు, ఇంట్లో ఉంటూ కారుకీ పుస్తకాలకీ ఏడాదికి 8 వేలు అనుకుందాం. మొత్తం 79 వేలు. మీ 30 వేలు పోను 49 వేలు. ఇదంతా ఫెడరల్ లోనులోనే సరిపోతుంది, మీ సంతకం అక్కర్లేదు, ఇంటి జోలికి పోనక్కర్లేదు. వడ్డీతో 56 వేలయినా కిస్తీ నెలకు సుమారు 680. అదే లైసెన్సు, అదే ఉద్యోగం, నెలకు 1,600 తేడా. 55 వేలన్నది నేను ఉదాహరణకు వేసిన అంకె. అసలు అంకె మీరే చూడాలి. అదెక్కడుంటుందో చెప్తాను, ఈ జాబులో మీకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే.

డీపీటీ ప్రోగ్రాములకు గుర్తింపు ఇచ్చే సంస్థ క్యాప్టే. గుర్తింపున్న ప్రతి కాలేజీ ఒక స్టూడెంట్ ఫైనాన్షియల్ ఫాక్ట్ షీట్ బయటపెట్టాలని దాని నియమం. ట్యూషన్, ఫీజులు, మొత్తం ఖర్చు, అక్కడ చదివినవాళ్ళు సగటున ఎంత అప్పుతో బయటికొచ్చారు, అన్నీ అందులో ఉంటాయి. కాలేజీ వెబ్‌సైటులో ఏదో మూల ఉంటుంది, ఓపిగ్గా వెతకాలి. పిల్లలు నవ్వుతున్న ఫోటోలున్న పేజీలో మాత్రం ఉండదు. పాపను కూర్చోబెట్టి పది కాలేజీల షీట్లు ఒక ఆదివారం తీయించండి. ఆ సగటు అప్పు అంకె ఒక్కటి చాలు, ఫీజు తక్కువని మభ్యపెట్టేవాళ్ళు ఎవరో తెలిసిపోతుంది. ఫీజు తక్కువే ఉండి అప్పు ఎక్కువుంటే, ఆ ఊళ్ళో బతుకు ఖర్చో, దూరాల్లో క్లినికల్సో, మరోటో కారణం ఉంటుంది.

క్లినికల్స్ గురించి ఇక్కడే చెప్పాలి. కోర్సులో కనీసం 30 వారాలు ఫుల్‌టైమ్‌గా ఆసుపత్రుల్లో, క్లినిక్కుల్లో పనిచేయాలి. మామూలుగా జీతం ఉండదు, ఫీజు మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆ ముప్పై వారాలు కాలేజీ ఉన్న ఊళ్ళోనే దొరుకుతాయన్న నమ్మకం లేదు. నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి తన ఊళ్ళో అపార్ట్‌మెంటు లీజు వదులుకోలేక, ఇక్కడ పన్నెండు వారాలకు ఇంకో గది తీసుకుని, రెండు చోట్లా అద్దె కట్టింది. లంచ్‌కి రోజూ వేరుశనగ వెన్న రాసిన బ్రెడ్డే తెచ్చుకునేది. కాలేజీని అడగాల్సిన ప్రశ్న ఇది: పోయినేడు మీ పిల్లల్లో ఎంతమందికి క్యాంపస్ నుంచి గంట దూరంలోపు ప్లేస్‌మెంటు దొరికింది? దీనికి సూటిగా జవాబు చెప్పే కాలేజీని నమ్మొచ్చు.

ఫీజు తక్కువని ఏదో ఒకదాంట్లో చేర్చేయమని నేననడం లేదు. క్యాప్టే లెక్కలో గుర్తింపు నిలవాలంటే రెండేళ్ళ సగటున కనీసం 80 శాతం మంది కోర్సు పూర్తి చేయాలి, 85 శాతం మంది లైసెన్సు పరీక్ష ఎన్‌పీటీఈ గట్టెక్కాలి. ఇక్కడో మెలిక ఉంది. ఆ 85 శాతం ఎన్నిసార్లు రాసైనా చివరికి పాసైనవాళ్ళ లెక్క. మీరు చూడాల్సింది మొదటిసారే పాసైనవాళ్ళ శాతం. ఆ పరీక్ష ఏడాదికి నాలుగుసార్లే పెడతారు. ఒకసారి తప్పితే మూడు నెలల జీతం పోయినట్టే. ఇంకా పూర్తి గుర్తింపు రాని కొత్త ప్రోగ్రాములు కొన్ని ఫీజు తగ్గించి పిలుస్తుంటాయి. వాటి స్థాయిని క్యాండిడేట్ అంటారు. చివరికి గుర్తింపు రాకపోతే పిల్లలు లైసెన్సు పరీక్షకు కూర్చోవడమే కష్టమవుతుంది. నా కూతురైతే పంపను.

మరి ఇప్పుడేం చేయాలి? స్టేట్ యూనివర్సిటీ వెయిట్‌లిస్టులో ఉందన్నారు, అదే మీకున్న పెద్ద ఆశ. వెయిట్‌లిస్టులు మే, జూన్ నెలల్లో కూడా కదులుతాయి. ఒక్కొక్కరూ నాలుగేసి చోట్ల సీట్లు తెచ్చుకుని చివరికి ఒకచోటే చేరతారు కదా. అందుకని ఆ వెయ్యి డాలర్ల డిపాజిట్ కట్టడం నాకు తప్పనిపించడం లేదు, పోయినా ఫర్వాలేదనుకుని కడితేనే. వెయ్యి కట్టాం కదా అని లక్షా 95 వేలు కట్టేయడం మాత్రం గాలానికి ఎర పెట్టి, ఎర పోయిందని మనమే నీళ్ళలోకి దూకినట్టు. ప్రైవేటు కాలేజీకి ఈ లోపల ఒక మెయిల్ రాయించండి: ఫెడరల్ లోను నియమాలు మారాయి, నాకు ఇంత తక్కువ పడుతోంది, స్కాలర్‌షిప్పు గానీ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్పు గానీ ఇవ్వగలరా అని. ఈ ఏడాది సీట్లు నింపుకోవడం వాళ్ళకూ కష్టంగానే ఉంటుంది. అడగడానికి మనవాళ్ళకు మొహమాటం. ఇక్కడివాళ్ళకు అది లేదు.

వెయిట్‌లిస్టు తేలకపోతే? ఒక ఏడాది ఆగమంటాను. ఇది మీవారికి నచ్చదని తెలుసు. ఆగితే ఖర్చు లేదని కూడా నేననను. ఏడాది ఆలస్యమంటే ఒక ఏడాది జీతం, పన్నులు పోను 66 వేల దాకా పోగొట్టుకున్నట్టే. ఆ ఏడాది పాప రిహాబ్ టెక్‌గా, అంటే థెరపీ క్లినిక్‌లో సహాయకురాలిగా, పనిచేస్తే కొంత వెనక్కొస్తుంది. వడ్డీతో కలిపి రెండు దారుల మధ్య అప్పు తేడా లక్షా 30 వేలు. కాబట్టి ఆగడమే లాభం. ఇదే తేడా 40 వేలే అయ్యుంటే ఇప్పుడే చేరిపొమ్మని రాసేదాన్ని. వచ్చే ఏడు కూడా సీటు రాకపోవచ్చన్న భయం ఉంటుంది, అది ఉత్త భయం కూడా కాదు. ఆ భయానికి మందు, గడువు కంటే ముందే అప్లై చేయడం. పీటీక్యాస్ అనే ఉమ్మడి అప్లికేషన్ ఏటా జూన్ మధ్యలో తెరుస్తారు. చాలా కాలేజీలు వచ్చినవి వచ్చినట్టు చూసి సీట్లిచ్చేస్తుంటాయి, అక్టోబరు గడువుందని అక్టోబరు దాకా ఆగినవాళ్ళకు అడుగూ బొడుగూ మిగులుతుంది. మీ పాపకు జరిగింది బహుశా ఇదే. ఫిజిక్సులోనో అనాటమీలోనో మార్కులు తక్కువుంటే కమ్యూనిటీ కాలేజీలో మళ్ళీ చదవొచ్చు. పాత గ్రేడు పోదు, పీటీక్యాస్ రెండిటినీ కలిపే లెక్కిస్తుంది. అయినా కొన్ని కాలేజీలు చివరి 60 క్రెడిట్లనే చూస్తాయి కాబట్టి వృథా కాదు. ఆ ఏడాది మొత్తం టెక్సస్‌లోనే ఉండనివ్వండి. వేరే రాష్ట్రానికి మకాం మారిస్తే ఇన్‌స్టేట్ హోదా చిక్కుల్లో పడుతుంది.

ఇది చదివే ఇతర రాష్ట్రాల వాళ్ళకు రెండు మాటలు. సూత్రం ఎక్కడైనా ఒకటే, ముందు మీ సొంత రాష్ట్రంలో ప్రభుత్వ యూనివర్సిటీలు. న్యూయార్క్‌లో సునీ, క్యూనీ కాలేజీలు, కాలిఫోర్నియాలో ఫ్రెస్నో, నార్త్‌రిడ్జ్, లాంగ్ బీచ్, శాక్రమెంటో, శాన్ డియేగో స్టేట్ క్యాంపస్‌లు, జార్జియాలో జార్జియా స్టేట్, ఆగస్టా, నార్త్ కరొలైనాలో ఈస్ట్ కరొలైనా, వెస్టర్న్ కరొలైనా, విన్‌స్టన్ సేలం స్టేట్, న్యూజెర్సీలో రట్గర్స్. పశ్చిమ రాష్ట్రాల వాళ్ళకు విచీ అనే ఒప్పందం ఉంది. అందులో కొన్ని రాష్ట్రాలు, తమ పిల్లలు పక్క రాష్ట్రంలో ఫిజికల్ థెరపీ చదివితే ఫీజులో భాగం భరిస్తాయి. బయటి నుంచి టెక్సస్‌కు రావాలనుకునేవాళ్ళకు చాలామందికి తెలియని ఒక సందు: ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీ పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్పు వెయ్యి డాలర్లదైనా వస్తే, బయటివాళ్ళకు కూడా ఇన్‌స్టేట్ ఫీజు వేసే వీలు చట్టంలో ఉంది. ఎంతమందికివ్వొచ్చన్న పరిమితి ఉంటుంది, అయినా అడగండి.

రెండేళ్ళలో ముగించే ప్రోగ్రాములూ వచ్చాయి. బేలర్‌లోనూ, టెనెసీలోని సౌత్ కాలేజీలోనూ ఆన్‌లైన్ పాఠాలు, మధ్యమధ్యలో క్యాంపస్‌కు వెళ్ళి ల్యాబులు. ఒక ఏడాది అద్దె మిగులుతుంది, ఒక ఏడాది ముందే జీతం మొదలవుతుంది. ప్రైవేటు ఫీజే అయినా ఆ లెక్కలో కొందరికి కలిసొస్తుంది. కాకపోతే మూడేళ్ళ చదువును రెండేళ్ళలో కుక్కడం. మీ పాప అనాటమీ ఎలా చదివిందో చూసుకుని నిర్ణయించుకోవాలి.

శాన్ ఆంటోనియోలో ఆర్మీ-బేలర్ ప్రోగ్రాం ఒకటుంది. ట్యూషన్ లేదు సరికదా, చేరినవాళ్ళు సైన్యంలో ఆఫీసర్లు, చదువుకుంటున్నప్పుడే జీతం వస్తుంది. బదులుగా కొన్నేళ్ళు సర్వీసు చేయాలి. అమెరికా పౌరసత్వం ఉండాలి, మీ పాపకు ఉంది. "ఆర్మీనా?" అని మీరు అదిరిపడటం నాకిక్కడికే వినిపిస్తోంది. తనకు ఇష్టం లేకపోతే వదిలేయండి, కానీ తనను అడక్కుండా మీరే వద్దనకండి.

చదివాక అప్పు తీర్చే దారుల మీద ఆశ పెట్టుకుని ఖరీదైన కాలేజీలో చేరకూడదు. అయినా తెలిసుండాలి. లాభాపేక్ష లేని ఆసుపత్రిలోనో ప్రభుత్వ సంస్థలోనో ఫుల్‌టైమ్ పనిచేస్తూ 120 నెలలు కిస్తీలు కడితే మిగిలిన ఫెడరల్ అప్పు మాఫీ అవుతుంది, పీఎస్ఎల్ఎఫ్ అంటారు. కొత్త అప్పులవాళ్ళకు దీనికి పనికొచ్చే కిస్తీల పద్ధతి ర్యాప్, అందులో ఆదాయాన్ని బట్టి 1 నుంచి 10 శాతం దాకా కట్టాలి. మాల్స్ పక్కన కనిపించే థెరపీ క్లినిక్కుల్లో చాలావరకు లాభాల కంపెనీలవి, అక్కడ చేస్తే ఈ మాఫీ లేదు. మాజీ సైనికుల ఆసుపత్రుల్లో కొన్ని ఉద్యోగాలకు ఐదేళ్ళలో రెండు లక్షల వరకూ అప్పు తీర్చే పథకం ఉంది. ఉద్యోగ ప్రకటనలో ఆ మాట రాసుంటేనే లెక్కలోకి తీసుకోవాలి.

హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా మీద, పెరిగిన పిల్లల తల్లిదండ్రులు కూడా నాకు రాస్తుంటారు. ఫెడరల్ లోను పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు, ఇంకా కొద్దిమందికే. హెచ్4 పిల్లలకు రాదు, పైగా 21 నిండితే ఎఫ్1కి (విద్యార్థి వీసాకు) మారాలి. మీకు మిగిలేది సొంత డబ్బు, ప్రైవేటు లోను. కాబట్టి ఇన్‌స్టేట్ ఫీజు మీకిస్తారా లేదా అన్నది అప్లై చేయకముందే రిజిస్ట్రార్ ఆఫీసులో రాతపూర్వకంగా తేల్చుకోండి.

ఇక మీ మేనల్లుడి సంగతి. నేను కూడా బీపీటీతోనే వచ్చాను, అందుకే కాస్త ఆవేశంగా చెప్తాను. బీపీటీ ఉన్నవాళ్ళు ఇక్కడ లైసెన్సు కోసం మళ్ళీ మూడేళ్ళ డీపీటీ చదవాల్సిందే అన్న నియమం లేదు. ఎఫ్‌సీసీపీటీ లాంటి సంస్థ అతని మార్కుల జాబితాలను ఇక్కడి చదువుతో పోల్చి, ఏ సబ్జెక్టుల్లో క్రెడిట్లు తక్కువున్నాయో చెప్తుంది. తక్కువైనవి పూర్తి చేసి, ఇంగ్లీషు పరీక్ష టోఫెల్ రాసి, ఏ రాష్ట్రంలో లైసెన్సు కావాలో ఆ రాష్ట్రం ఒప్పుకుంటే ఎన్‌పీటీఈ రాయొచ్చు. అందుకని వాడు చేయాల్సిన మొదటి పని, కాలేజీ వదిలేలోపు సిలబస్ కాపీలు, క్లినికల్ గంటల లెక్కలు స్టాంపు వేయించి తెచ్చుకోవడం. పదేళ్ళ తర్వాత వెళ్ళి అడిగితే ఆ ఫైలు ఉండదు, ఆ గుమస్తా ఉండడు.

ట్రాన్సిషనల్ డీపీటీ అనే కోర్సుల ప్రకటనలు వాడికి వస్తూనే ఉంటాయి. అది ఇప్పటికే థెరపిస్టులైనవాళ్ళు డిగ్రీ పెంచుకోవడానికి పెట్టిన కోర్సు. అది చేసినంత మాత్రాన లైసెన్సు పరీక్షకు అర్హత రాదు. నాకు అప్పట్లో ఒక కన్సల్టెన్సీ ఆయన, ఇది చేస్తే లైసెన్సు దానంతటదే వస్తుందని నమ్మబలికాడు. ఫీజు కట్టి, రెండు సెమిస్టర్లు చదివాక స్టేట్ బోర్డుకు ఫోన్ చేస్తే అప్పుడు తెలిసింది. ఆ డబ్బు మా నాన్న రిటైర్‌మెంటు డబ్బు. ముందు బోర్డుకు ఫోన్ చేయమని మీ మేనల్లుడికి నా మాటగా చెప్పండి. వీసా వైపు ఒక సౌకర్యం ఉంది. ఫిజికల్ థెరపిస్టులు 'షెడ్యూల్-ఎ' అనే జాబితాలో ఉన్నారు, గ్రీన్‌కార్డు దారిలో లేబర్ సర్టిఫికేషన్ అనే మెట్టు వాళ్ళకుండదు. భారతీయులకున్న క్యూ మాత్రం అలాగే ఉంటుంది.

స్థలం విషయం మీవారికి నేను చెప్తే బాగోదు, మీరే చెప్పండి. అమ్మితే అక్కడా ఇక్కడా పన్ను లెక్క చూసుకోవాలి, ఇంటి మీద లోనైతే ఉద్యోగం పోయిన రోజున ఇల్లే ప్రమాదంలో పడుతుంది. చుట్టాలకు చెప్పేసిన మాటకు విలువ కట్టాలంటే అది లక్షా 30 వేల డాలర్లా అని అడిగి చూడండి, నవ్వుతూనే.

ఈ వారంలో ఒక్క పని మాత్రం ఆపొద్దు. వెయిట్‌లిస్టులో ఉన్న యూనివర్సిటీకి మెయిల్ వెళ్ళాలి: సీటిస్తే తప్పకుండా చేరతాను, అప్లై చేశాక ఈ సెమిస్టర్‌లో వచ్చిన గ్రేడ్లు ఇవి, ఇన్ని గంటలు క్లినిక్‌లో అబ్జర్వేషన్ చేశాను, ఇంటి నుంచే వచ్చిపోతాను అని. అక్కడి నుంచి సీటు ఖాయమైతే ప్రైవేటు సీటు అదే రోజు వదిలేయమనండి, దాని కోసం ఇంకెవరి పిల్లో ఎదురుచూస్తుంటుంది. ఆ మెయిల్ పాపే రాయాలి, పాప అడ్రసు నుంచే వెళ్ళాలి. మీవారిని ఫోన్ చేయనివ్వకండి.